‘ఊఁ’ కొట్టే గొంతు దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: శ్రీకాకుళం దగ్గర ఒక ఊళ్లో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. వయసు 31. ఫోన్‌లో నా గొంతు వింటే చిన్నపిల్ల మాట్లాడినట్టు సన్నగా ఉంటుంది, నాకే నచ్చదు. సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. శనివారం భజనలో పాడతాను. ఇంట్లో కరవోకే పెట్టుకుని సుశీల గారి పాటలు పాడితే పల్లవి బాగానే వస్తుంది, చరణంలో గొంతు పట్టేస్తుంది. ట్రైనింగ్‌లకి వెళ్తే యాస మార్చుకోమంటారు. అసలు నా సహజమైన గొంతు ఏది? మాటకి, పాటకి దాన్ని ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

అమ్మా, సాయంత్రం బొంగురు, చరణంలో పట్టేయడం, ఫోన్‌లో నచ్చకపోవడం అని మీరు మూడు బాధలు రాశారు. నాకు అవి ఒకే విషయంలా కనిపిస్తున్నాయి. విజయనగరంలో చాలా ఏళ్లుగా గాత్రం నేర్పుతున్నాను. పాట కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ముందు మాట దగ్గర పని మొదలుపెట్టాల్సి వస్తుంది. పాడేది రోజుకి ఒక గంట, మాట్లాడేది మిగతా రోజంతా. రోజంతా గొంతు తన చోటు కాని చోట ఉంటే, ఆ గంటలో ఎంత సాధన చేసినా నిలవదు. అందుకే ముందు మాట గురించి రాస్తాను.

ఫోన్‌లో వినిపించే గొంతు సంగతి మొదట తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే భయపడి ఆగిపోతారు. మనం మాట్లాడుతున్నప్పుడు మన గొంతు మనకి రెండు దారుల్లో వినిపిస్తుంది. ఒకటి గాలిలోంచి చెవికి, రెండోది పుర్రె ఎముకల్లోంచి నేరుగా లోపలి చెవికి. ఎముకల దారిలో మంద్రధ్వనులు, అంటే బరువైన కింది ధ్వనులు, బాగా చేరతాయి. అందుకే మన గొంతు మనకి నిండుగా, కాస్త బరువుగా అనిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ రెండో దారి ఉండదు కాబట్టి సన్నగా, పరాయి గొంతులా వినిపిస్తుంది. పైగా ఫోన్ స్పీకర్ చిన్నది, కింది ధ్వనుల్ని సరిగ్గా పలికించలేదు. ఈసారి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో కాకుండా ఫోన్‌లోని రికార్డర్‌లోనే రికార్డు చేసి, మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఫోన్ మూతికి ఆనించకుండా మూరెడు దూరంలో పెట్టండి. ఇతరులు రోజూ వింటున్న మీ గొంతు దాదాపు అదే. వారం పది రోజులు వింటే చెవికి అలవాటైపోతుంది, ఆ పరాయితనం పోతుంది. అలవాటయ్యేదాకా దాన్ని మంచిదనీ చెడ్డదనీ అనకండి.

ఇక అసలు గొంతు ఎక్కడుంటుందో కనిపెట్టడం. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్లెవరినైనా పాత సంగతేదైనా చెప్పమనండి. మీరు పక్కన కూర్చుని ‘ఊఁ’ కొడుతూ వినండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టేసి, దాని సంగతి మర్చిపోండి. కథలో లీనమైపోయాక మీ నోటి నుంచి వచ్చే ‘ఊఁ’, ‘ఆఁ’, ‘అవునా’ ఉన్నాయి చూశారూ, అవి ఎవరి కోసమూ తయారుచేసుకున్నవి కావు. అక్కడ గొంతు బిగించుకోదు, పైకి ఎక్కదు, కిందకి నొక్కుకోదు. గొంతులో కంపించి ధ్వని పుట్టించే మీ స్వరతంత్రులు తక్కువ శ్రమతో కదిలే చోటు అక్కడే ఎక్కడో ఉంటుంది. ‘సరేనా?’ అని అడిగినప్పుడు పైకి లాగే ‘ఊఁ’ కాదు, ‘ఊఁ, చెప్పు’ అనే తిన్నని ‘ఊఁ’ తీసుకోండి. స్పీచ్ థెరపిస్టులు కూడా ఇలాంటి పద్ధతి వాడతారు. మనకి ‘ఊఁ’ కొట్టడం పుట్టినప్పటి నుంచీ అలవాటే కాబట్టి ఇంకా తేలిక.

మర్నాడు ఆ రికార్డింగ్ విని, ఆ ‘ఊఁ’ని అలాగే అందుకుని, ఆపకుండా అదే ఎత్తులో మాట కలపండి. ఎత్తు అంటే ఎంత గట్టిగా అని కాదు, గొంతు ఎంత సన్నగా లేదా బరువుగా పలుకుతోందని. ‘ఊఁ... ఒకటి. ఊఁ... రెండు. ఊఁ... మా ఊరు నాగావళి పక్కన. ఊఁ... ఇవాళ మూడో పాఠం చదువుదాం.’ మొదటి మాటకే గొంతు పైకి ఎగిరిపోతుంటే, స్కూల్లో మీరు రోజూ ఎక్కడ మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే అలాగే జరుగుతుందని నా అంచనా. ‘ఊఁ’కీ మాటకీ మధ్య ఎత్తు తేడా ఎంత ఉంటే, సాయంత్రానికి బొంగురు అంత ఎక్కువ కావొచ్చు.

ఒక జాగ్రత్త. సహజమైన గొంతు అంటే గీత గీసినట్టు ఒకే ఒక్క ఎత్తు అని అనుకోవద్దు. మామూలుగా మాట్లాడే మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకి 100 నుంచి 130 సార్ల వరకు, ఆడవాళ్లవి 180 నుంచి 220 సార్ల వరకు కంపిస్తాయని పుస్తకాలు చెబుతాయి. ఇవి సగటు అంకెలు. ఆడవారైనా 165 దగ్గర హాయిగా మాట్లాడేవాళ్లున్నారు, వాళ్లకి అదే సహజం. పైగా ప్రశ్న అడిగితే గొంతు పైకి వెళ్తుంది, బాధలో కిందకి దిగుతుంది. మీ ‘ఊఁ’ ఒక ఇంటి గుమ్మం లాంటిది. బయటికి ఎంతైనా తిరగొచ్చు, తిరిగి అక్కడికి రాగలగాలి. రోజంతా గుమ్మం తొక్కకుండా బయటే తిరిగే గొంతు అలిసిపోతుంది.

గొంతు తన చోటు ఎందుకు వదిలేస్తుంది? టీచర్ల విషయంలో మొదటి కారణం గోల. చుట్టూ చప్పుడుంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ దీన్ని గమనించి రాశాడు, అందుకే దానికి లొంబార్డ్ ప్రభావం అని పేరు. గొంతు పెంచినప్పుడు ధ్వనితో పాటు ఎత్తు కూడా పెరుగుతుంది. ముప్పై మంది పిల్లలు, పైన ఫ్యాను, పక్క క్లాసులో ఎక్కాలు, బయట రోడ్డు. మీరు ఒక్క గంట ఆపకుండా మాట్లాడారనుకోండి. సెకనుకి 200 చొప్పున లెక్కేసి, అందులో సగం సేపే గొంతు మోగిందనుకున్నా, మీ స్వరతంత్రులు ఆ గంటలో మూడున్నర లక్షల సార్లకి పైగా ఒకదానికొకటి తగులుతాయి. ఎత్తు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది, అరిస్తే తగిలే బలం కూడా పెరుగుతుంది. సాయంత్రానికి వాపు రాకపోతే ఆశ్చర్యపడాలి.

రెండో కారణం చెప్పడానికి నాకు బాధగా ఉంటుంది. మన ఇళ్లల్లో ఆడపిల్ల నోరు తెరిచి మాట్లాడితే ‘ఏటా గొంతు’ అంటారు. పదేళ్ల వయసు నుంచి పిల్ల గొంతుని సన్నం చేసుకుంటుంది, గాలి కలిపి మాట్లాడుతుంది, నోరు సగమే తెరుస్తుంది. పెద్దయ్యే వయసులో ఆడపిల్లల గొంతు కూడా మూడు నాలుగు స్వరస్థానాలు (హార్మోనియం మీద పక్కపక్క మెట్లు) కిందకి దిగుతుంది. మగపిల్లలకి దాదాపు ఒక స్థాయి మొత్తం (పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా) దిగుతుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది, ఆడపిల్లలది ఎవరూ పట్టించుకోరు. గొంతు దిగినా అలవాటు దిగదు. ముప్పై ఏళ్లు వచ్చాక కూడా పన్నెండేళ్ల పిల్ల ఎత్తులోనే మాట్లాడుతూ ఉంటారు. మీరు ‘చిన్నపిల్ల మాట్లాడినట్టు’ అని రాశారు కదా, మీ విషయంలో ఇది కొంతైనా ఉండొచ్చు. దీన్ని బలవంతంగా బరువు పెంచి సరిచేయకండి. గొంతు బరువు పెంచుతామనే వీడియోలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. స్వరపేటికని (స్వరతంత్రులు ఉండే గొంతు భాగాన్ని) కిందకి నొక్కిపెట్టి మాట్లాడమంటారు. అది ఒక బిగింపు తీసి ఇంకో బిగింపు పెట్టడమే. సన్నతనం తీసేస్తే కింద ఎంత గొంతుంటే అంతే మీది.

మాటలో ఇంకొకటి గమనించండి. తెలుగు వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. ఊపిరి సగంలో అయిపోతే ఆ చివరి మాటే నలిగిపోతుంది. ‘రేపు అందరూ నోటు పుస్తకాలు...’ వరకు గట్టిగా ఉండి, ‘తీసుకురండి’ గొణుగుడు అయిపోతుంది. పిల్లలు ‘ఏటి టీచర్?’ అంటారు. మీరు రెండోసారి ఇంకా పైకి అరుస్తారు. ఈ రెండోసారి అరవడమే గొంతుకి ఎక్కువ చేటు. వాక్యం చిన్నది చేసుకోండి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం తప్పు కాదు. పొట్ట కదిలేలా, భుజాలు లేవకుండా, నిశ్శబ్దంగా తీసుకోండి. చివరి క్రియ దాకా ‘ఊఁ’ ఎత్తులోనే గొంతు మోగుతూ ఉండాలి. చదివి వినిపించే పాఠం ఒకటి తీసుకుని రోజూ పది వాక్యాలు క్రియల మీదే శ్రద్ధ పెట్టి చదివితే చాలు.

క్లాసు గురించి: గది ఆ చివరి నుంచి పిలవకండి, దగ్గరకి వెళ్లండి. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి చప్పట్లో గంటో వాడండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. నడుముకి కట్టుకునే చిన్న మైకు కొనుక్కునే వీలుంటే సంకోచించకుండా కొనుక్కోండి.

యాస గురించి. అమ్మా, దీంట్లో మీరు ఎవరి మాటా వినక్కర్లేదు. యాస అనేది పదాల్లో, అచ్చుల నిడివిలో, వాక్యం చివర తీసే రాగంలో ఉంటుంది. గొంతు ఆరోగ్యం స్వరపేటికలో, ఊపిరిలో ఉంటుంది. శ్రీకాకుళం మాటలో వాక్యాంతంలో వచ్చే సాగతీత గొంతుకి చేటేమీ చేయదు. నేను చూసిన ఇబ్బంది ఇంకొకటి. మన ప్రాంతం పిల్లలు ఇంటర్వ్యూలకి, ట్రైనింగ్‌లకి వెళ్లినప్పుడు యాస దాచుకోవాలనే టెన్షన్‌లో గొంతునే మార్చేస్తారు. దవడ బిగుస్తుంది, నోరు చిన్నదవుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది. కంఠముడి మీద వేలు పెట్టి చూసుకుంటే తెలుస్తుంది. గుటక వేసినప్పుడు అది ఎలా పైకి లేస్తుందో, టెన్షన్‌లో మాట్లాడేటప్పుడూ అలా లేచి అక్కడే ఉండిపోతుంది. పుస్తకభాష అవసరమైన చోట మాట్లాడండి, కానీ మీ ఇంటి మాటలో గొంతు ఎక్కడుందో అక్కడే ఉంచి మాట్లాడండి. ‘ఏటి సేస్తన్నావు’ అని ఇంట్లో అన్న ఎత్తులోనే ‘ఏం చేస్తున్నావు’ అనండి. పదం మారినా గొంతు మారకూడదు. ఇంట్లో ఆ రెండూ వెంటవెంటనే అని చూసుకోండి, తేడా వెంటనే పట్టుకుంటారు.

రోజూ చేయాల్సిన ఒక్క అభ్యాసం చెప్పమంటే నేను చెప్పేది స్ట్రా. కొబ్బరిబొండంలో వేసి ఇచ్చే స్ట్రా సరిపోతుంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా చివర రెండు మూడు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, పెదవులు గట్టిగా మూసి, గొంతుతో ‘ఊ’ అంటూ బుడగలు రానివ్వండి. ఊదడం కాదు, గొంతు మోగాలి. ముందు మీ ‘ఊఁ’ ఎత్తులో, తర్వాత అక్కడి నుంచి మెల్లగా పైకి, కిందకి జారుతూ. రెండు మూడు నిమిషాలు, ఉదయం స్కూలుకి ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. ఇది ఎందుకు పనిచేస్తుందంటే, నోటి దగ్గర దారి ఇరుకైనప్పుడు గాలి ఒత్తిడి కొంత వెనక్కి వచ్చి స్వరతంత్రులకి ఆసరాగా నిలుస్తుంది. అవి గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కలుస్తాయి. పాడేవాళ్లకే కాదు, గొంతు దెబ్బతిన్నవాళ్లకి కూడా థెరపిస్టులు చేయించేది ఇదే. స్ట్రా దొరకని రోజు పిల్లలు బస్సు ఆటలో పెదవులతో ‘బుర్ర్’ మంటారే, అది చేయండి.

ఒక రెండు మూడు వారాలు మాట మీదే ఉండమని నా సలహా. ఆ తర్వాత పాట.

మాట్లాడే గొంతు వేరు, పాడే గొంతు వేరు అని చాలామంది నమ్ముతారు. అంత దూరం లేదు. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే ‘స’ ఎత్తు. హార్మోనియం తెల్లమెట్లకి ఒకటి, రెండు అని, మధ్య నల్లమెట్లకి ఒకటిన్నర, నాలుగున్నర అని అంకెలు. మన సంగీతంలో ఆడవాళ్లు సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు శ్రుతి మధ్యలో పాడతారు. అయిదు శ్రుతి అంటే పాశ్చాత్య సంగీతంలో జి, దాని ఆధార షడ్జమం (‘స’) సెకనుకి 196 కంపనాలు. ఆరు శ్రుతి అంటే ఏ, 220. పైన చెప్పిన మాట్లాడే అంకెలతో పోల్చి చూడండి. ఆడవాళ్ల షడ్జమం వాళ్ల మాట ఉండే చోటే ఉంది. మగవాళ్లు ఒకటి నుంచి రెండు శ్రుతిలో పాడతారు. ఒకటి అంటే సి, దాదాపు 131 కంపనాలు, అదీ వాళ్ల మాటకి కాస్త పైనే. అంటే ‘స’ అనేది మన మాటకి పొరుగునే కూర్చుంటుంది. అక్కడి నుంచి పైకి, కిందకి వెళ్లి రావడమే పాట.

దీనికి మన ప్రాంతంలో హరికథ కంటే మంచి ఉదాహరణ లేదు. 1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైనప్పుడు దానికి తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. మైకు లేని కాలంలో, కాళ్లకి గజ్జెలతో నిలబడి, వచనం చెప్పి, అందులోంచే పద్యం ఎత్తుకుని, కీర్తనలోకి వెళ్లి మళ్లీ వచనంలోకి రావాలి. వెనక శ్రుతి మోగుతూనే ఉంటుంది. మాటకొక గొంతు, పాటకొక గొంతు పెట్టుకుంటే ఆ పని కాదు. ఇప్పటికీ హరిదాసులు చెబుతున్నప్పుడు వచనం దగ్గర గమనించండి, మాట షడ్జమం చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. జముకు వాద్యంతో జముకుల కథ చెప్పే జానపద కళాకారుల్లోనూ ఇది వినిపిస్తుంది. చదువుకున్న సంగీతం కాదు కదా అని వాళ్లని తక్కువ చేయొద్దు. నోరు తెరిచి, భయం లేకుండా, తమ గొంతులోనే పాడటం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే.

మీ శ్రుతి కనుక్కోవడం ఇలా. నిద్ర లేవగానే చేయకండి. రాత్రంతా పడుకుని లేచాక స్వరతంత్రులు కొంచెం ఉబ్బి ఉంటాయి, గొంతు కిందకి పలుకుతుంది, ఆ లెక్క నిలవదు. లేచి రెండు గంటలయ్యాక, స్ట్రా అభ్యాసం చేశాక, ఫోన్‌లో శ్రుతి పెట్టె యాప్ పెట్టుకుని అయిదు దగ్గర మొదలుపెట్టండి. ‘స’ పట్టుకుని మెల్లగా కిందకి దిగండి. మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) వినిపించేలా, గరగర లేకుండా పలకాలి. గట్టిగా పలకక్కర్లేదు, స్పష్టంగా ఉంటే చాలు. తర్వాత పైకి వెళ్లండి. తారషడ్జమం (పై ‘స’) మెడ నరాలు తేలకుండా అందాలి, ఆపైన గాంధార మధ్యమాలు (‘గ’, ‘మ’) తాకి రాగలగాలి. తార పంచమం సాధన మీద వస్తుంది, ఇప్పుడు అడగను. కింద అందకపోతే అయిదున్నర, పైన పట్టేస్తే నాలుగున్నర. అలా అర మెట్టు చొప్పున జరుపుతూ రెండు వైపులా సమంగా హాయిగా ఉన్న చోట ఆగండి. వరుసగా కొన్ని రోజులు చూసి, ఎక్కువ రోజులు ఏది కుదిరిందో అది మీ శ్రుతి. ‘నేను ఆరులో పాడతాను’ అని చెప్పుకోవడంలో గొప్పా లేదు, నాలుగులో పాడటంలో చిన్నతనమూ లేదు. ఎక్కువ శ్రుతిలో పాడితే మంచి గొంతు అనే భ్రమ వల్ల పాడైపోయిన పిల్లల్ని చూసి నాకు కడుపు తరుక్కుపోతుంది.

శ్రుతి దొరికాక మాయామాళవగౌళ రాగంలో సరళీస్వరాలు (సంగీతంలో తొలి పాఠాలు), మొదటి కాలంలో (నెమ్మదిగా), ఆకారంతో. ‘హా’ అని గాలి వదలకుండా ‘ఆ’ అని. నోరు రెండు వేళ్లు పట్టేంత తెరవండి. మొదటి నెల మంద్రంలో, మధ్యస్థాయిలో ఎక్కువ సేపు ఉండండి. పై స్వరాలు వాటంతటవే దగ్గరకి వస్తాయి.

ఇప్పుడు మీ చరణం దగ్గరకి వద్దాం. ఏ గొంతుకైనా కింది తీరు నుంచి పై తీరుకి మారే చోటు ఒకటుంటుంది. కింది తీరులో స్వరతంత్రులు మందంగా, మొత్తంగా కదులుతాయి. పైకి వెళ్లేకొద్దీ సాగి పలచబడి, అంచులతో కదులుతాయి. అయిదు శ్రుతిలో పాడే ఆడవాళ్లలో చాలామందికి ఆ మలుపు ధైవత నిషాదాల (‘ద’, ‘ని’) దగ్గర వస్తుంది. ఒకటి శ్రుతి మగవాళ్లకి తార రిషభ మధ్యమాల (పై స్థాయి ‘రి’, ‘మ’) మధ్య. సినిమా పాటల చరణం సరిగ్గా అక్కడికే ఎక్కుతుంది. అక్కడ మీరు కింది తీరునే పట్టుకుని బలంగా పైకి తోస్తున్నారు, అందుకే పట్టేస్తోంది. ఆ మలుపు దగ్గర ధ్వని తగ్గించండి. పెదవుల ‘బుర్ర్’తో మధ్యమం నుంచి తారషడ్జమం దాకా జారుతూ వెళ్లి, జారుతూ రండి. మొదట్లో మధ్యలో గొంతు విరిగినట్టు వినిపిస్తుంది. కంగారు పడకండి, బలం పెట్టకపోతే ఆ విరుపు కొన్ని వారాల్లో సన్నబడుతుంది. కొందరు పై తీరుని దొంగ గొంతు అని తీసిపారేస్తారు. శాస్త్రీయ కచేరీలో దాన్ని విడిగా, పలచగా వాడితే బాగోదు, అది నిజమే. కానీ సాధనలో దాన్ని పలికించనివాళ్లకి మలుపు ఎప్పటికీ నునుపు కాదు.

సుశీల గారు మన విజయనగరంలో 1935లో పుట్టి, ఇక్కడే సంగీతం చదువుకున్న మనిషి. ఆమె పాటలు పాడాలని మీకుండటం సహజం. కానీ సినిమాల్లో ఆ పాటల శ్రుతి ఆమె గొంతుని బట్టి, ఆ పాట అవసరాన్ని బట్టి పెట్టింది. మీ గొంతుని చూసి పెట్టలేదు. కరవోకే యాప్‌లో శ్రుతి తగ్గించే మీట ఉంటుంది. రెండు మెట్లు తగ్గించండి, చాలకపోతే మూడు, నాలుగు. పల్లవిలో కింది స్వరాలు మునిగిపోకుండా, చరణం మెడ బిగించకుండా వచ్చే చోట పెట్టుకోండి. ‘ఒరిజినల్ శ్రుతిలో పాడగలవా’ అని అడిగేవాళ్లకి జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. ఇక ఆమె తియ్యదనం కోసం మీ గొంతు సన్నం చేసుకోకండి. గొంతు రంగు అనేది స్వరతంత్రులతో పాటు గొంతు, నోరు, ముక్కు లోపలి ఖాళీల ఆకారం వల్ల వస్తుంది. ఒకరి రంగు ఇంకొకరికి రాదు. ఆమె దగ్గర తీసుకోవాల్సింది మాట స్పష్టంగా పలకడం, గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం) దగ్గర తొందరపడకపోవడం. మగపిల్లలకీ ఇదే చెబుతాను. ఘంటసాల గారు ఇక్కడి కళాశాలలో చదివినవారు, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యులు. మా ఊళ్లో పాడే ప్రతి కుర్రాడూ ఆయన గాంభీర్యం కోసం గొంతు కిందకి నొక్కి మొదలుపెడతాడు. ఏడాది తిరిగేసరికి ఆయన గొంతూ రాదు, సొంత గొంతూ ఉండదు.

భజనలో మీకు ఇబ్బంది వస్తుంటే, అది చాలావరకు మీ తప్పు కాదు. హార్మోనియం వాయించేవారు మగవాళ్ల కోసం ఒకటిన్నర పట్టుకుంటారు. ఆ శ్రుతి మీకు కింద పాడితే మునిగిపోతుంది, ఒక స్థాయి పైన అందుకుంటే పంచమం దగ్గరే అరుపు అవుతుంది. ఆడవాళ్లంతా ఆ రెండింటి మధ్య నలిగిపోతారు. హార్మోనియం ఆయనతో ముందే మాట్లాడుకోండి: ‘బాబూ, నేను ఎత్తుకునే పాటలకి అయిదు పెట్టండి’ అని. ఆయనకి అది మెట్లు మార్చుకోవడమే. మగవాళ్లు ఎత్తుకున్నప్పుడు ఒకటిన్నరలో మీరు కోరస్ మెల్లగా పాడండి, లేదా తాళం వేయండి. కొత్తగా అడగడానికి మొహమాటపడతారు, కానీ ఒకసారి అడిగితే పక్కనున్న నలుగురు ఆడవాళ్లూ మీకు దణ్ణం పెడతారు.

తిండి, మందుల సంగతి కొంచెం. మనం తాగేవి, తినేవి స్వరతంత్రులకి తగలవు. తగిలితే పొలమారి దగ్గు వస్తుంది. మిరియాలు, తేనె, కరక్కాయ గొంతు పైభాగానికి హాయినిస్తాయి, అంతవరకే. నీళ్లు కూడా ఒంట్లోకి చేరాక గాని అక్కడికి పనిచేయవు కాబట్టి, పాడే ముందు గ్లాసుడు తాగడం కంటే రోజంతా కొంచెం కొంచెంగా తాగడం మేలు. ఆవిరి ఒక్కటే నేరుగా చేరుతుంది. గొంతు సవరించుకోవడానికి గట్టిగా ఖంగుమనడం మానేసి గుటక వేయండి. బొంగురుపోయిన రోజు గుసగుసగా కూడా మాట్లాడకండి. బలంగా గుసగుసలాడితే అదీ శ్రమే, అవసరమైనంత మెల్లగా మామూలు గొంతుతోనే మాట్లాడండి. రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకుంటే పులితేన్పులు గొంతు దాకా వచ్చి పొద్దున్నే గరగర పెడతాయి. రెండు మూడు గంటల ఎడం ఉంచండి.

బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, నొప్పి ఉంటే, మింగడానికి ఇబ్బందిగా ఉంటే, నేను చెప్పినవన్నీ పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి వెళ్లండి. సన్నని కెమెరాతో స్వరతంత్రుల్ని చూస్తారు. టీచర్లకి స్వరతంత్రుల మీద చిన్న బుడిపెలు రావడం మామూలే. తొలిదశలో చాలావాటికి ఆపరేషన్ అక్కర్లేదు, విశ్రాంతితో, స్పీచ్ థెరపీతో తగ్గుతాయి. థైరాయిడ్ వల్ల కూడా గొంతు మారొచ్చు, ఆ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, దూరం వెళ్లాల్సిన పని లేదు. మీ బొంగురు ఎన్నాళ్ల నుంచో మీరు రాయలేదు. ఇప్పటికే నెల దాటి ఉంటే ముందు ఆ పరీక్ష చేయించుకున్నాకే స్ట్రా, సరళీస్వరాలు మొదలుపెట్టండి.

డాక్టర్ ఏమీ లేదంటే, ‘ఊఁ’ కొట్టిన రికార్డింగ్, క్లాసులో పాఠం చెబుతున్నప్పటి రెండు నిమిషాల రికార్డింగ్, మీరు కుదుర్చుకున్న శ్రుతిలో సరళీస్వరాల మొదటి వరుస, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. శ్రుతి పెట్టెలో ఏ అంకె పెట్టుకున్నారో, ఏ పూట పాడారో కూడా రాయండి. విని, అర మెట్టు కిందకో పైకో జరపాలేమో చెబుతాను.